విదేశాలకు తీసుకెళ్లే అన్‌లాక్డ్ ఫోన్: కొనేముందు మోడల్ నంబర్ చూడండి

మీరు అడిగింది ఇదీ: చదువు కోసం వేరే దేశం వెళ్తున్నారు, సెలవుల్లో చుట్టుపక్కల దేశాలు తిరగాలనుకుంటున్నారు, ఎక్కడికి వెళ్తే అక్కడి సిమ్ వేసుకుని వాడుకునేలా ఒక ఫోన్ కావాలి. అమ్మే అతను "ఇది ఫ్యాక్టరీ అన్‌లాక్డ్ పీసండీ, ప్రపంచంలో ఎక్కడైనా పనిచేస్తుంది" అంటున్నాడు. ఆ మాట మీద కొనేయొచ్చా?

అతని మాటలో మొదటి సగం నిజమే కావచ్చు. రెండో సగానికి మాత్రం అతను పూచీ ఉండలేడు. అన్‌లాక్డ్ అంటే ఒక కంపెనీ సిమ్ తప్ప మరొకటి తీసుకోకుండా ఫోన్‌లో పెట్టే తాళం లేదని, అంతే. గేటుకు తాళం లేనంత మాత్రాన లోపల మనకు భోజనం వడ్డిస్తారని కాదు కదా. అక్కడి నెట్‌వర్క్ వాడే ఫ్రీక్వెన్సీలు ఆ ఫోన్‌లో ఉండాలి. ఉన్నా, ఆ ఫోన్ నుంచి కాల్ వెళ్లనివ్వడానికి అక్కడి కంపెనీ ఒప్పుకోవాలి.

నేను చాలాకాలంగా మొబైల్ నెట్‌వర్క్‌ల పనిలోనే ఉన్నాను. వేరే దేశంలో కొన్న ఫోన్‌తో ఇబ్బందిపడి వచ్చేవాళ్లలో ఎక్కువమందికి లాక్‌తో గొడవే ఉండదు. సిగ్నల్ ఉంటుంది, వాట్సాప్ నడుస్తుంది, మామూలు కాల్ మాత్రం వెళ్లదు. లేదంటే రోడ్డు మీద ఫుల్ సిగ్నల్, ఇంట్లోకి రాగానే సున్నా. ఈ రెండింటికీ కారణాలు వేరు, రెండూ మోడల్ నంబర్ దగ్గరే తేలతాయి.

ముందు లాక్ సంగతి త్వరగా చూసేద్దాం. ఐఫోన్‌లో అయితే సులువు. సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్‌లోకి వెళ్లి కిందికి జరిపితే "క్యారియర్ లాక్" అనే వరస కనిపిస్తుంది. దాని ఎదురుగా "నో సిమ్ రిస్ట్రిక్షన్స్" అని ఉంటే లాక్ లేనట్టే. ఆండ్రాయిడ్‌లో అన్ని కంపెనీలకూ ఒకే చోటు లేదు. అందుకని వేర్వేరు కంపెనీల సిమ్‌లు రెండు వేసి, రెండింటిమీదా కాల్ చేసి చూడటమే నమ్మకమైన పద్ధతి. లాక్ ఉన్న ఫోన్ వేరే సిమ్ పడగానే అన్‌లాక్ కోడ్ అడుగుతుంది, లేదా ఈ సిమ్ చెల్లదని చెప్పేస్తుంది.

కెనడాలో 2017 డిసెంబర్ నుంచి, జపాన్‌లో 2021 అక్టోబర్ నుంచి, బ్రిటన్‌లో 2021 డిసెంబర్ నుంచి మొబైల్ కంపెనీలు లాక్ వేసిన ఫోన్లు అమ్మకూడదు. ఆ తేదీల తర్వాత అక్కడ కొత్తగా కొన్న ఫోన్ గురించి ఈ టెన్షన్ అక్కర్లేదు. అమెరికాలో మాత్రం కంపెనీ వాయిదాల మీద ఇచ్చే ఫోన్లకు ఇప్పటికీ లాక్ ఉంటుంది. వాయిదాలు పూర్తయ్యాక, ఆ కంపెనీ పెట్టిన గడువు దాటాక అడిగితే తీస్తారు. బంధువులు అక్కడి నుంచి పంపే ఫోన్ అయితే, వాయిదాలు ఇంకా మిగిలి ఉన్నాయేమో మొహమాటపడకుండా అడగండి.

సెకండ్ హ్యాండ్ ఐఫోన్ కొంటుంటే సిమ్ ట్రే బయటికి లాగి చూడండి. కొన్నిసార్లు సిమ్‌కి అంటుకుని కాగితంలా పల్చటి చిప్ ఒకటి ఉంటుంది. లాక్ ఉన్న ఫోన్‌ని మోసం చేసి వేరే సిమ్‌తో నడిపించే చిట్కా అది. ఆ చిప్ ఉన్నంతసేపూ ఫోన్ అన్‌లాక్డ్‌లాగే కనిపిస్తుంది. తర్వాత ఏదో ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో మొండికేస్తుంది. ట్రేలో మీ సిమ్ ఒక్కటే పెట్టి చూడాలి.

బ్లాక్‌లిస్ట్ ఇంకో విషయం. పోయిందని ఫిర్యాదు చేసిన ఫోన్, బాకీ ఎగ్గొట్టిన ఫోన్ ఐఎంఈఐ నంబర్‌ని, అంటే ప్రతి ఫోన్‌కీ విడిగా ఉండే గుర్తింపు నంబర్‌ని, నెట్‌వర్క్‌లు నిషేధిస్తాయి. ఇలాంటిది లాక్ లేకపోయినా పనికిరాదు. *#06# డయల్ చేస్తే 15 అంకెల ఐఎంఈఐ వస్తుంది. రెండు సిమ్‌ల ఫోన్‌కి రెండు నంబర్లుంటాయి. పెట్టె మీద ఉన్నదీ, తెర మీద వచ్చిందీ, సెట్టింగ్స్‌లో కనిపించేదీ ఒకటే అయి ఉండాలి. ఒక్క అంకె తేడా వచ్చినా ఆ ఫోన్ వద్దు.

ఇక బ్యాండ్లు.

ప్రతి దేశంలో ప్రభుత్వం మొబైల్ కంపెనీలకు కొన్ని ఫ్రీక్వెన్సీలు కేటాయిస్తుంది. వాటికి బ్యాండ్ 3, బ్యాండ్ 20 అంటూ నంబర్లుంటాయి. 5జీ బ్యాండ్లకు ముందు ఎన్ అనే అక్షరం వస్తుంది, ఎన్78 లాగా. ఫోన్‌లో ఒక్కో బ్యాండ్ పట్టుకోవడానికి విడిగా ఫిల్టర్లు, ఆంప్లిఫయర్లు పెట్టాలి. వాటికి ఖర్చవుతుంది, చోటు కూడా కావాలి. అందుకే కంపెనీలు ఒకే పేరుతో ప్రాంతానికో రకం ఫోన్ చేస్తాయి. ధర తగ్గేకొద్దీ ఈ జాబితా కూడా చిన్నదవుతుంది. ప్రకటనల్లో కెమెరా గురించి ఊదరగొడతారు కానీ, బ్యాండ్లు తగ్గించామని ఎవరూ చెప్పరు.

అన్ని బ్యాండ్లూ ఒకలాంటివి కావు. 600 నుంచి 900 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న లో బ్యాండ్ సిగ్నల్ దూరం వెళ్తుంది, గోడలు దాటుకుని లోపలికొస్తుంది. 1800 నుంచి 2600 వరకు ఉన్న మిడ్ బ్యాండ్లు ఎక్కువ డేటా మోస్తాయి కానీ తొందరగా నీరసపడతాయి. 5జీలో ఎక్కువగా వాడే 3500 చుట్టుపక్కలవైతే ఇంకా తక్కువ దూరం పోతాయి. రోడ్డు మీద ఫుల్ సిగ్నల్, ఇంట్లో సున్నా అన్నాను చూశారా, అది దాదాపు ఎప్పుడూ లో బ్యాండ్ లేకపోవడం వల్లే. నగరం నడిబొడ్డున టవర్లు దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి లోటు తెలియదు. ఊరు దాటి హైవే ఎక్కినప్పుడో, సెల్లార్‌లోకి దిగినప్పుడో, లిఫ్ట్‌లోనో తెలుస్తుంది. ఇంటి నుంచి బయల్దేరే ముందు నాలుగు గీతలు చూసి "బాగానే ఉందే" అనుకుంటే సరిపోదు.

అందువల్ల బ్యాండ్ల జాబితా చూసేటప్పుడు మొత్తం ఎన్ని ఉన్నాయని లెక్కపెట్టకండి. మీరు వెళ్లే దేశపు లో బ్యాండ్ అందులో ఉందా లేదా అని చూడండి. మిడ్ బ్యాండ్లు ఎలాగూ కలుస్తాయి. 1800 మెగాహెర్ట్జ్ బ్యాండ్ 3, 2100 బ్యాండ్ 1, 2600 బ్యాండ్ 7 దాదాపు ప్రతి మంచి ఫోన్‌లోనూ ఉంటాయి.

యూరప్‌కి వెళ్తుంటే 800 మెగాహెర్ట్జ్ బ్యాండ్ 20 తప్పనిసరి. ఊళ్లలోనూ ఇళ్ల లోపలా 4జీ అందించే బ్యాండ్లలో అది ముఖ్యమైనది. చైనా మార్కెట్ కోసం చేసిన చాలా ఫోన్లలో ఇదే ఉండదు. చైనా ఫోన్‌లో గ్లోబల్ సాఫ్ట్‌వేర్ ఎక్కించి "గ్లోబల్ వెర్షన్" అని అమ్మేవాళ్లున్నారు. సాఫ్ట్‌వేర్ మార్చితే భాష మారుతుంది, గూగుల్ ప్లే వస్తుంది. లేని ఫిల్టర్ మాత్రం రాదు. ఆస్ట్రేలియాలో, లాటిన్ అమెరికాలో, ఆసియాలోని చాలా దేశాల్లో 700 మెగాహెర్ట్జ్ బ్యాండ్ 28 ముఖ్యం. యూరప్‌లో కూడా ఇప్పుడు దాన్ని వాడుతున్నారు. ఇండియాలో బ్యాండ్ 3, 2300 మెగాహెర్ట్జ్ బ్యాండ్ 40 లతోపాటు లోపలి కవరేజీకి 850 మెగాహెర్ట్జ్ బ్యాండ్ 5, 900 మెగాహెర్ట్జ్ బ్యాండ్ 8 చూసుకోవాలి.

అమెరికా దారే వేరు. అక్కడ లో బ్యాండ్ కంపెనీని బట్టి మారుతుంది. ఏటీ అండ్ టీకి బ్యాండ్ 12, బ్యాండ్ 14, వెరైజన్‌కి బ్యాండ్ 13, టీ-మొబైల్‌కి బ్యాండ్ 12తో పాటు 600 మెగాహెర్ట్జ్ బ్యాండ్ 71. మిడ్ బ్యాండ్‌లో 2, 4, 66 అందరికీ కావాలి. 5జీకి మిగతా ప్రపంచంలో ఎక్కువగా ఎన్78 నడుస్తుంటే, అక్కడ ఎన్41, ఎన్71, ఎన్77. ఇంకెక్కడో కొన్న మధ్యతరగతి ఫోన్ అమెరికా తీసుకెళ్తే ఇబ్బందిపెట్టే అవకాశం అన్నిచోట్లకంటే అక్కడే ఎక్కువ. జపాన్‌లో కూడా కంపెనీని బట్టి చూసుకోవాల్సిందే. డొకొమోకి బ్యాండ్ 19, కేడీడీఐకి బ్యాండ్ 18 లేదా 26, సాఫ్ట్‌బ్యాంక్‌కి బ్యాండ్ 8.

ఇప్పుడు మోడల్ నంబర్. ఐఫోన్ 15నే తీసుకోండి. చూడటానికి ఒకటే ఫోన్. కానీ అమెరికాలో అమ్మేది ఏ2846. కెనడా, జపాన్, మెక్సికోలకు ఏ3089. చైనా, హాంకాంగ్‌లకు ఏ3092. మిగతా దేశాల్లో చాలావాటికి ఏ3090. అమెరికా ఫోన్‌లో మిల్లీమీటర్ వేవ్ 5జీ (చాలా ఎక్కువ ఫ్రీక్వెన్సీల మీద నడిచేది) ఉంటుంది, సిమ్ ట్రే ఉండదు. చైనా ఫోన్‌లో రెండు మామూలు సిమ్‌లు పడతాయి, ఈ-సిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోనే ఎక్కించుకునే సిమ్) ఉండదు. సామ్‌సంగ్‌లో మోడల్ నంబర్ చివరి అక్షరం చూడాలి. గెలాక్సీ ఎస్24 అయితే అంతర్జాతీయ రకం ఎస్ఎం-ఎస్921బీ. అమెరికా కంపెనీలు అమ్మేది చివర యూ, అక్కడే కంపెనీతో సంబంధం లేకుండా అమ్మేది యూ1, కొరియాది ఎన్, చైనా, హాంకాంగ్‌లది చివర సున్నా. ప్రకటనలో "గెలాక్సీ ఎస్24, అన్‌లాక్డ్" అని మాత్రమే రాసి ఉంటే, నా లెక్కలో అది సగం సమాచారం. పూర్తి మోడల్ నంబర్ అడగండి. చెప్పలేకపోతే ఇంకో చోట చూసుకోండి.

ఆ నంబర్ దొరికాక తయారీ కంపెనీ వెబ్‌సైట్‌లో అదే నంబర్ ఉన్న స్పెసిఫికేషన్ పేజీ తెరవండి. ఐఫోన్లకు ఆపిల్ వాళ్లది ప్రత్యేకంగా ఒక పేజీ ఉంది, ఏ మోడల్‌లో ఏ బ్యాండ్లున్నాయో, ఏ దేశంలో ఏ కంపెనీ 5జీ పనిచేస్తుందో రాసి పెడతారు. జీఎస్ఎమ్ అరీనా లాంటి సైట్లు కూడా పనికొస్తాయి. అయితే అక్కడ ఒకే పేరు కింద రెండు మూడు రకాల జాబితాలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. పైన ఉన్నది చదివి కింద ఉన్నది కొనేవాళ్లు చాలామంది. ఏ వరస ఏ మోడల్‌దో చూసుకోండి.

బ్యాండ్లన్నీ కలిశాయి. ఇక కొనేయొచ్చా? ఆగండి. ఈ మధ్య అసలు తంటా అంతా వోల్టీ దగ్గరే.

4జీని డేటా కోసమే తయారుచేశారు. మొదట్లో 4జీ ఫోన్‌కి కాల్ వస్తే అది కిందికి దిగి 3జీలోనో 2జీలోనో మాట్లాడేది, అయిపోగానే మళ్లీ పైకెక్కేది. 4జీ మీదే కాల్ మాట్లాడే పద్ధతి పేరు వోల్టీ. కిందికి దిగడానికి మెట్లు ఉన్నంతకాలం వోల్టీ ఉన్నా లేకపోయినా ఎవరికీ పట్టలేదు. ఇప్పుడు ఆ మెట్లు తీసేస్తున్నారు. అమెరికాలో మూడు పెద్ద కంపెనీలూ 2022లో 3జీ ఆపేశాయి. జర్మనీలో 3జీ 2021లోనే పోయింది, 2జీ మాత్రం ఉంది. ఆస్ట్రేలియాలో 2జీ ముందే పోయింది, 2024 అక్టోబర్ చివర్లో 3జీ కూడా ఆగిపోయింది. జపాన్ అయితే మనకు తెలిసిన జీఎస్ఎమ్ 2జీని అసలెప్పుడూ వాడలేదు. బ్రిటన్‌లో 2జీ, 3జీ రెండూ 2033 లోపు ఆపేస్తామని కంపెనీలు చెప్పాయి. ఇండియాలో జియో 2016లో 4జీతోనే మొదలైంది, దానికి కింది మెట్లు లేనే లేవు.

అలాంటి చోట వోల్టీ కుదరని ఫోన్‌లో ఇంటర్నెట్ బ్రహ్మాండంగా వస్తుంది, కాల్ నొక్కగానే కట్ అయిపోతుంది. మీకు ఫోన్ చేసినవాళ్లకు స్విచాఫ్ అని వినిపిస్తుంది. బ్యాంకువాళ్లు ఫోన్ చేసినా, ఇంటి ఓనర్ ఫోన్ చేసినా మీకు తెలియదు. అన్నీ వాట్సాప్‌లోనే కదా అనుకుంటే, అంబులెన్స్‌కి వాట్సాప్‌లో ఫోన్ చేయలేం.

ఫోన్‌లో వోల్టీ ఉందని స్పెసిఫికేషన్‌లో రాసి ఉంటుంది. అది కూడా చాలదు. వోల్టీకి కంపెనీకో రకం సెట్టింగులుంటాయి. ఫోన్ సాఫ్ట్‌వేర్‌లో ఆ దేశపు ఆ కంపెనీ సెట్టింగులు ముందే పెట్టి ఉంటేనే అది మొదలవుతుంది. దానికి తోడు కొన్ని కంపెనీలు తాము పరీక్షించి ఒప్పుకున్న ఫోన్లనే రానిస్తాయి. 3జీ ఆపే ముందు ఏటీ అండ్ టీ తమ నెట్‌వర్క్‌లో పనిచేసే ఫోన్ల జాబితా ప్రకటించింది. అందులో లేని మంచి మంచి ఫోన్లు, వోల్టీ ఉన్నవి కూడా, అక్కడ మూగబోయాయి. ఆస్ట్రేలియా ఇంకా గట్టిగా ఉంది. అత్యవసర నంబర్ 000కి 4జీ మీద కాల్ చేయలేని ఫోన్లను నెట్‌వర్క్‌లోకే రానివ్వకూడదని అక్కడ నిబంధన. మామూలు కాల్స్ 4జీలో చేస్తూ, అత్యవసర కాల్‌కి మాత్రం 3జీకి దిగేలా తయారైన ఫోన్లు కొన్ని ఉన్నాయి. బయటినుంచి తెచ్చుకున్న ఫోన్లలో ఇవి ఎక్కువ. మామూలు కాల్ వెళ్తోంది కాబట్టి బాగుందనుకుంటాం, వాటిని కూడా ఆపేశారు.

ఈ విషయంలో ఐఫోన్‌తో గొడవ తక్కువ. దాదాపు ప్రతి పెద్ద నెట్‌వర్క్ సెట్టింగులూ ఆపిల్ అందులో పెడుతుంది. సామ్‌సంగ్ ఖరీదైన ఫోన్లు ఆ తర్వాత వస్తాయి, అయితే ఏ దేశం కోసం అమ్మిన ఫోన్ అనేదాన్నిబట్టి సెట్టింగులు మారుతుంటాయి. గూగుల్ పిక్సెల్ గురించి ఒక మాట చెప్పాలి. ఫోన్ బాగుంటుంది, బ్యాండ్లూ బోలెడు. కానీ గూగుల్ దాన్ని అధికారికంగా అమ్మే దేశాలు తక్కువ. అమ్మని దేశంలో సిమ్ వేస్తే సెట్టింగ్స్‌లో వోల్టీ స్విచ్ కనిపించకుండా పోవడం, 5జీ రాకపోవడం చాలాచోట్ల జరుగుతుంది. దారి తప్పించి ఆన్ చేసే యాప్‌లున్నాయి. రేపు అప్‌డేట్ వచ్చాక అవి ఆగిపోవచ్చు, రోజూ వాడే ఫోన్‌కి నేనైతే సిఫార్సు చేయను. షావోమీ, వన్‌ప్లస్, ఒప్పో, వివోలు తమ ఫోన్ అధికారికంగా అమ్మే దేశాల్లో బాగా పనిచేస్తాయి, అమ్మని దేశాల్లో అదృష్టం మీద ఆధారపడాలి.

పరీక్షించడం ఎలాగో చెప్తాను. ఫోన్ 4జీలో ఉన్నప్పుడు ఒక కాల్ చేసి, రింగ్ అవుతుండగా పైన నెట్‌వర్క్ గుర్తు చూడండి. 4జీ అనో ఎల్‌టీఈ అనో అలాగే ఉంటే వోల్టీ పనిచేస్తున్నట్టు. హెచ్ లేదా ఈ అనే అక్షరానికి మారితే 3జీకో 2జీకో దిగినట్టు. ఈ పరీక్షకి ముందు వైఫై ఆపండి, లేకపోతే కాల్ వైఫై మీద వెళ్లి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో *#*#4636#*#* నొక్కితే ఫోన్ సమాచారం పేజీ వస్తుంది. అక్కడ మెనూలో ఐఎంఎస్ స్టేటస్ తెరిస్తే "రిజిస్టర్డ్" అని ఉండాలి. "నాట్ రిజిస్టర్డ్" అని ఉంటే 4జీ మీద కాల్స్ లేనట్టే.

చిక్కేమిటంటే ఈ పరీక్ష మీరు వెళ్లే దేశపు సిమ్‌తో చేయాలి, అది ఇప్పుడు మీ దగ్గర ఉండదు. అందుకని అక్కడి కంపెనీ వెబ్‌సైట్‌లో ఫోన్ పనిచేస్తుందో లేదో చూసే పేజీ ఉందేమో వెతకండి. ఐఎంఈఐ కొడితే సరిపోతుంది. అమెరికా, ఆస్ట్రేలియా కంపెనీలకు ఇలాంటివి ఉన్నాయి. ఇంకా కొనని ఫోన్ అయితే అమ్మేవాళ్లను ఐఎంఈఐ అడిగి కొట్టి చూడొచ్చు. "పనిచేస్తుంది" అని వచ్చినా కాస్త అనుమానం ఉంచుకోవాలి, "పనిచేయదు" అని వస్తే మాత్రం వాదించి లాభం లేదు.

రోమింగ్‌కీ అక్కడి సిమ్‌కీ తేడా ఉందని గుర్తుపెట్టుకోండి. మీ సొంత దేశపు సిమ్‌తో రోమింగ్‌లో కాల్స్ వెళ్లాలంటే మీ కంపెనీకీ అక్కడి కంపెనీకీ వోల్టీ రోమింగ్ ఒప్పందం ఉండాలి. 2జీ, 3జీ లేని దేశంలో ఆ ఒప్పందం లేకపోతే డేటా వస్తుంది, కాల్ రాదు. ఫోన్‌ని తిట్టి ప్రయోజనం లేదు. బయల్దేరే ముందు మీ కంపెనీని "అక్కడ కాల్స్ పనిచేస్తాయా, డేటా ఒక్కటేనా" అని సూటిగా అడగండి.

సిమ్ ట్రే గురించి మీరు అడగలేదు గానీ, ప్రయాణాలు చేసేవాళ్లకు అది పెద్ద విషయమే. 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికా ఐఫోన్లలో ట్రే లేదు, అంతా ఈ-సిమ్. 2025లో వచ్చిన ఐఫోన్ ఎయిర్‌కి ఏ దేశంలోనూ ట్రే లేదు. ఈ-సిమ్ సుఖమే, విమానం దిగకముందే ప్లాన్ కొనుక్కోవచ్చు. కానీ ఫోన్ కింద పడి తెర పోయిందనుకోండి, మామూలు సిమ్ అయితే తీసి ఏ పాత ఫోన్‌లోనైనా వేసుకుంటాం. ఈ-సిమ్‌ని ఇంకో ఫోన్‌కి మార్చడానికి కంపెనీతో మళ్లీ తతంగం నడపాలి, దానికి తరచూ ఓటీపీ కావాలి, ఆ ఓటీపీ వచ్చేది పగిలిన ఫోన్‌కి. మామూలు సిమ్ మాత్రమే ఇచ్చే చిన్న కంపెనీలు ఇప్పటికీ చాలా దేశాల్లో ఉన్నాయి. నేను కొంటే ఒక ట్రే, దాంతోపాటు ఈ-సిమ్ రెండూ ఉన్న ఫోనే కొంటాను.

సొంత దేశపు నంబర్‌ని బ్యాంకు ఓటీపీల కోసం బతికించుకోవాలి కాబట్టి రెండు నంబర్లు ఎలాగూ కావాలి. పాత నంబర్‌కి డేటా రోమింగ్ ఆపేసి, డేటాకి అక్కడి సిమ్ పెట్టుకోండి. ఎస్ఎంఎస్ రావడానికి రోమింగ్ సౌకర్యం ముందే ఆన్ చేయించుకుని ఉండాలి, కొన్ని కంపెనీల్లో దేశం దాటాక చేయించుకోవడం నరకం. టూరిస్టుల కోసం యాప్‌లో అమ్మే ఈ-సిమ్‌లు చాలావరకు డేటా మాత్రమే ఇస్తాయి, వాటికి ఫోన్ నంబర్ ఉండదు. చదువుకి వెళ్లేవాళ్లకు అక్కడ బ్యాంక్ ఖాతాకీ ఇల్లు అద్దెకీ నంబర్ అడుగుతారు. మొదటి వారం గడపడానికి అవి సరే, ఆ తర్వాత అక్కడి అసలు సిమ్ తీసుకోండి.

కొన్ని దేశాల్లో ఫోన్‌ని ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలి. టర్కీలో బయటి ఫోన్‌లో అక్కడి సిమ్ వేస్తే 120 రోజుల తర్వాత నెట్‌వర్క్ ఆపేస్తారు, కొనసాగాలంటే భారీ రుసుము కట్టి నమోదు చేయించుకోవాలి. ఇండోనేషియాలో టూరిస్టులకు ఈ గడువు 90 రోజులు. పాకిస్తాన్‌లోనూ నమోదు ఉంది. రోమింగ్‌లో ఉన్న విదేశీ సిమ్‌కి సాధారణంగా ఈ బాధ లేదు. కొద్దిరోజుల పర్యటనకి పట్టించుకోనక్కర్లేదు, ఒక సెమిస్టర్ ఉండేవాళ్లు ముందే లెక్కలో పెట్టుకోవాలి.

సామ్‌సంగ్ కొత్త ఫోన్ కొంటే ఇంకో చిన్న మెలిక. చాలా మోడళ్లను ఏ ప్రాంతం కోసం అమ్మారో ఆ ప్రాంతపు సిమ్‌తోనే మొదటిసారి యాక్టివేట్ చేయాలి. ఆ సిమ్ వేసి అయిదు నిమిషాలకు పైగా కాల్స్ మాట్లాడితే అడ్డు తొలగిపోతుంది. తర్వాత ఏ దేశపు సిమ్ అయినా పడుతుంది. ఈ సంగతి పెట్టె మీద స్టిక్కర్‌లో చిన్న అక్షరాలతో ఉంటుంది. బహుమతిగా సీలు తీయకుండా వేరే దేశం పంపిన ఫోన్లు ఇక్కడే ఇరుక్కుంటాయి, కాబట్టి సీలు తీసి, కొన్న చోటే యాక్టివేట్ చేసి తీసుకెళ్లండి.

వారంటీ కూడా చాలా కంపెనీలకు కొన్న దేశానికే పరిమితం. మరమ్మతు చేయరని కాదు, డబ్బులు కట్టాలి, ఆ ప్రాంతపు మోడల్ కాకపోతే విడిభాగాలకు రోజులు పట్టొచ్చు. జపాన్, కొరియాల కోసం చేసిన ఫోన్లు చాలావాటిలో సైలెంట్‌లో పెట్టినా కెమెరా చప్పుడు ఆగదని కూడా తెలుసుకోండి, తక్కువ ధరకి దొరుకుతున్నాయని కొనేవాళ్లకు ఇది తర్వాత చికాకు. 2019 తర్వాత వచ్చిన హువావే కొత్త మోడళ్లలో గూగుల్ సేవలు లేవు, బ్యాంకు యాప్‌లు మొండికేస్తే అక్కడ ఎవరినీ అడగలేం.

ఇంతకీ మీరేం చేయాలి? మీ పరిస్థితిలో నేనైతే ఇప్పుడు వాడుతున్న ఫోన్‌తోనే విమానం ఎక్కుతాను, కొత్తది అక్కడికెళ్లాక కొంటాను. ఎక్కువకాలం ఉండే దేశంలో, ఆ దేశం కోసం చేసిన మోడల్, కంపెనీ లాక్ లేనిది కొంటే బ్యాండ్లు, వోల్టీ, వారంటీ మూడూ ఒకేసారి తేలిపోతాయి. సెలవుల్లో తిరిగే దేశాల్లో ఒకటో రెండో బ్యాండ్లు తగ్గినా కొద్దిరోజులకు నష్టం లేదు. పాత ఫోన్‌లో సొంత దేశపు సిమ్ ఉంచి ఓటీపీలకు ఇంట్లో పెట్టుకోవచ్చు.

ముందే కొనక తప్పదంటే ఆపిల్, లేదా సామ్‌సంగ్ ఎస్ సిరీస్. తాజాదే కానక్కర్లేదు, ఒకట్రెండేళ్ల పాతదైనా కొత్త మధ్యతరగతి ఫోన్‌కంటే బ్యాండ్లలో మెరుగ్గా ఉంటుంది. అమ్మకందారు దగ్గర పూర్తి మోడల్ నంబర్ బిల్లు మీద రాయించుకోండి. "పనిచేయకపోతే వాపసు" అనే మాట కాగితం మీద ఎన్ని రోజులని ఉందో చూసుకుని, ఆ గడువు ముగిసేలోపు అక్కడి సిమ్‌తో ఒకసారి కాల్ చేసి, ఒకసారి చేయించుకుని, ఒక ఎస్ఎంఎస్ తెప్పించుకుని, ఊరి బయటికో సెల్లార్‌లోకో వెళ్లి సిగ్నల్ చూడండి. అత్యవసర నంబర్‌కి మాత్రం పరీక్ష కోసం ఫోన్ చేయొద్దు. మీరు వెళ్లే దేశం, చూస్తున్న మోడల్ నంబర్ చివరి అక్షరంతో సహా రాస్తే, బ్యాండ్లు కలుస్తాయో లేదో చూసి చెప్తాను.